గంట విమానం.. నాలుగు గంటల ప్రయాణం
గన్నవరం - విశాఖ గగనతల దూరంపై పరిశీలన

హనుమాన్‌ జంక్షన్‌: జాతీయ రహదారి పక్కన టీ దుకాణం వద్ద కాసేపు నిలబడితే గన్నవరం నుంచి లేచిన విమానం తలపై నుంచి వెళ్తూ కనిపిస్తుంది. వెంటనే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటే. 'అది ఎక్కితే విశాఖపట్నం ఎంతసేపండీ?' దీనికి ఒకరు అరగంట అంటారు. మరొకరు గంట అంటారు. ఈ మధ్యే వెళ్లివచ్చిన వారు మాత్రం నాలుగు గంటలు పట్టిందని నిట్టూరుస్తారు. విచిత్రమేమిటంటే ముగ్గురి మాటలోనూ నిజముంది. దూరం సంగతీ ఇలాంటిదే. ఇంటర్నెట్‌లో వెదికితే ఒకచోట 290 కి.మీ. అని, ఇంకొకచోట 314 కి.మీ. అని, వేరొకచోట 350 కి.మీ. అని దర్శనమిస్తుంది. ఈ అంకెల్లో ఏది దేనికి సంబంధించిందో తెలియక టిక్కెట్టు కొనేవారు పొరబడుతున్నారు. ఆస్పత్రికో, ఇంటర్వ్యూకో, కోర్టు వాయిదాకో వేళకు చేరవలసిన వారికి ఈ పొరపాటు ఖరీదైనదే.

మూడు దూరాల కథ

విజయవాడ, విశాఖ రైల్వేస్టేషన్ల మధ్య పట్టాల వెంబడి దూరం 350 కి.మీ. రోడ్డుపైనా ఇంచుమించు అంతే. రెండు నగరాల నడుమ పటంపై స్కేలు పెట్టి గీత గీస్తే వచ్చేది సుమారు 314 కి.మీ. అయితే విమానం విజయవాడ నడిబొడ్డు నుంచి లేవదు, విశాఖ నడిబొడ్డులో దిగదు. నగరానికి దాదాపు 20 కి.మీ. ఈవల, విశాఖ వైపునే ఉన్న గన్నవరంలో బయలుదేరి, విశాఖ నగరానికి పడమర అంచున ఉన్న విమానాశ్రయంలో దిగుతుంది. రెండు చివరలా తరుగు పోగా మిగిలేది 290 కి.మీ. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి తిన్నగా కొలిస్తే వచ్చే దూరం ఇదే. ఆకాశయానంలో దూరాన్ని నాటికల్‌ మైళ్లలో చెబుతారు. ఒక నాటికల్‌ మైలు 1.852 కి.మీ. కనుక ఆ లెక్కన ఇది 157 నాటికల్‌ మైళ్లు.

ఈ లెక్కను పదో తరగతి విద్యార్థి సైతం వేసుకోవచ్చు. గన్నవరం విమానాశ్రయం సుమారు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. విశాఖ విమానాశ్రయానికి ఈ అంకెలు 17.72, 83.22. అక్షాంశాల్లో తేడా 1.19 డిగ్రీలు. డిగ్రీకి 110.7 కి.మీ. చొప్పున ఉత్తరానికి 132 కి.మీ. వెళ్లాలి. రేఖాంశాల్లో తేడా 2.42 డిగ్రీలు. మన ప్రాంతంలో రేఖాంశ డిగ్రీ విలువ సుమారు 106.4 కి.మీ. కనుక తూర్పునకు దాదాపు 258 కి.మీ. వెళ్లాలి. ఇక మిగిలింది లంబకోణ త్రిభుజం. పైథాగరస్‌ సూత్రం ప్రకారం కర్ణం విలువ 290కి ఒకటి రెండు కిలోమీటర్ల అటూ ఇటూగా వస్తుంది. ఇంత తక్కువ దూరానికి భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

పటంపై ఈ గీతను గమనిస్తే మరో విశేషం బయటపడుతుంది. గన్నవరం నుంచి బయలుదేరిన గీత హనుమాన్‌ జంక్షన్‌ను, ఏలూరును రెండు మూడు కిలోమీటర్ల పక్కగా తాకుతూ సాగి, గోదావరిని దాటి సరిగ్గా రాజమహేంద్రవరం పట్టణం మీదుగా వెళ్తుంది. అక్కడి నుంచి జగ్గంపేట, అన్నవరం, తుని, యలమంచిలి సమీపంగా విశాఖ చేరుతుంది. అంటే జాతీయ రహదారికి ఇది నీడ వంటిది. దారి పొడవునా అడ్డుగా పెద్ద కొండలుగానీ, చుట్టుతిరగవలసిన అడవులుగానీ లేకపోవడంతో రోడ్డు, రైలు మార్గాలు సైతం దాదాపు తిన్నగానే సాగాయి. అందువల్ల గాలిలో వెళ్తే దూరం బాగా కలిసివస్తుందన్న నమ్మకం ఈ మార్గానికి అంతగా వర్తించదు. నగరం నుంచి నగరానికి చూస్తే తగ్గేది పదో వంతు మాత్రమే.

ఇదే కర్నూలు జిల్లా ఓర్వకల్లు నుంచి విశాఖకైతే పరిస్థితి వేరు. తిన్నగా కొలిస్తే అది సుమారు 584 కి.మీ. రోడ్డుపై నల్లమలను దాటి విజయవాడ మీదుగా చుట్టి రావలసి ఉండటంతో 100 కి.మీ.కు పైగా అదనం. ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం ప్రారంభం కాగానే విశాఖకు సర్వీసు పెట్టడం వెనుక ఈ లెక్క ఉంది. ఆ దారిలో విమానం ఎక్కినవారికి పగలంతా మిగులుతుంది. మనకు మిగిలేది ఎంత అన్నదే చూడవలసిన విషయం.

హైదరాబాద్‌ మీదుగా అయితే

గన్నవరం, విశాఖల మధ్య నేరుగా విమానం అన్నది ఎప్పుడూ నిలకడగా లేదు. కొన్నాళ్లు నడవడం, కొన్నాళ్లు ఆగడం అలవాటుగా మారింది. 2024 అక్టోబరులో రెండు సంస్థలు సర్వీసులు మొదలుపెట్టినప్పుడు ఈ ప్రాంతంలో కొంత సందడి కనిపించింది. నేరుగా విమానం లేని రోజుల్లో, లేదా ఉన్నా వేళ కుదరని రోజుల్లో, టిక్కెట్లు అమ్మే వెబ్‌సైట్లు హైదరాబాద్‌ మీదుగా దారి చూపుతాయి. గన్నవరం నుంచి శంషాబాద్‌కు 264 కి.మీ. పడమరకు వెళ్లి, అక్కడి నుంచి 512 కి.మీ. తూర్పునకు రావాలి. మొత్తం 776 కి.మీ. తూర్పున 290 కి.మీ. దూరాన ఉన్న ఊరికి ఇది మార్గమట! ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే. శంషాబాద్‌లో రెండో విమానం కోసం నిరీక్షణ కలుపుకుంటే ఈలోగా రైలు విశాఖ చేరుతుంది. అయినా తెలియక ఈ టిక్కెట్టు కొన్నవారు లేకపోలేదు. బుక్‌ చేసేముందు 'నాన్‌స్టాప్‌' అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి. ప్రయాణ సమయం ఐదారు గంటలని కనిపిస్తే అది చుట్టు మార్గమని గ్రహించాలి.

టిక్కెట్టుపై గంట.. గాలిలో ఎంత?

ఇక సమయం సంగతి. ఈ మార్గంలో ఎక్కువగా తిరిగేది రెక్కల కింద పంకాలు తిరిగే ఏటీఆర్‌ రకం విమానం. డెబ్భై నుంచి 78 మంది కూర్చునే ఈ విమానం పూర్తి వేగం అందుకున్నాక గంటకు సుమారు 500 కి.మీ. వెళ్తుంది. 290ని 500తో భాగిస్తే 35 నిమిషాలు వస్తుంది. 'అరగంట' అన్న మాట పుట్టింది ఇక్కడే. అయితే టిక్కెట్టుపై మాత్రం గంట, గంటా పది నిమిషాలు అని ఉంటుంది. మిగిలిన అరగంట ఎక్కడికి పోయిందని అడిగేవారున్నారు.

టిక్కెట్టుపై ముద్రించే సమయం గాలిలో ఉండే సమయం కాదు. నిలిచి ఉన్న విమానం చక్రాలకు కదలకుండా దిమ్మలు పెడతారు. వాటిని తీసిన క్షణం నుంచి, గమ్యంలో తిరిగి దిమ్మలు పెట్టే క్షణం వరకు లెక్కించి దానిని ప్రయాణ సమయంగా చూపుతారు. విమానయాన భాషలో దీనిని బ్లాక్‌ టైమ్‌ అంటారు. ఇందులో విమానం తన చోటు నుంచి రన్‌వే చివర వరకు పాకుతూ వెళ్లడం, అక్కడ కంట్రోల్‌ టవర్‌ అనుమతి కోసం ఆగడం, దిగాక తిరిగి టెర్మినల్‌ వద్దకు రావడం అన్నీ కలిసి ఉంటాయి. ఎంత చిన్న విమానాశ్రయమైనా రెండు చివరలా కలిపి దీనికి పది, పన్నెండు నిమిషాలు పోతాయి. గాలిలో సైతం లేచిన వెంటనే 500 కి.మీ. వేగం రాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. ఆ తగ్గుదల మరో పది నిమిషాలను మింగుతుంది. దీంతో గాలిలో 45 నిమిషాలు, మొత్తం గంటగా లెక్క తేలుతుంది.

పెద్ద జెట్‌ విమానమైతే త్వరగా చేరుస్తుందా? గంటకు 830 కి.మీ. వేగంతో వెళ్లే జెట్‌కు 290 కి.మీ. అంటే 21 నిమిషాలే కావాలి. ఆచరణలో అలా జరగదు. పది వేల అడుగుల కంటే తక్కువ ఎత్తులో ఉన్నంతసేపు ఏ పౌర విమానమైనా 250 నాటికల్‌ మైళ్ల వేగానికి, అంటే గంటకు సుమారు 460 కి.మీ.కు లోబడి వెళ్లాలన్నది నిబంధన. దిగడానికి మరో లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి సుమారు ఐదున్నర కిలోమీటర్ల దూరం కావాలి. 20 వేల అడుగుల ఎత్తుకు చేరిన విమానం దిగాలంటే 110 కి.మీ. ముందుగానే కిందికి వంగాలి. అంటే తుని రాకముందే, ప్రత్తిపాడు ప్రాంతంలోనే దిగడం మొదలవుతుంది. ఎక్కడానికి పట్టే దూరాన్నీ ఇందులోంచి తీసేస్తే జెట్‌ తన పూర్తి సత్తా చూపేందుకు మిగిలే దూరం గోదావరి నుంచి జగ్గంపేట దాటేంత వరకే. ఎడ్లబండికి రేసు గుర్రాన్ని కట్టినా సందులో పరుగెత్తలేదు గదా. ఢిల్లీ వంటి దూరపు ప్రయాణంలో గంటకు పైగా కలిసివచ్చే జెట్‌ ఈ మార్గంలో ఐదు, పది నిమిషాలకు మించి మిగల్చలేదు.

ప్రభుత్వం కూడా ఈ తేడాను గుర్తెరిగే నిబంధనలు రాసింది. చిన్న పట్టణాలకు విమానయానం అందించేందుకు తెచ్చిన ఉడాన్‌ పథకం కింద 2017 ఏప్రిల్‌ 27న తొలి సర్వీసులు ఎగిరాయి. వాటిలో కడప - హైదరాబాద్‌ సర్వీసు ఒకటి. అప్పుడు రాయితీ సీటుకు పెట్టిన పరిమితి గంట ప్రయాణానికి రూ. 2,500. గంట అంటే సుమారు 500 కి.మీ.గా పథకం పేర్కొంది. ఎగిరే దూరం అందులో సగానికి కాస్త ఎక్కువే అయినా, గన్నవరం - విశాఖ విమానానికి గంట పట్టడానికి కారణం పైన చెప్పుకొన్నదే. ఎక్కడం, దిగడం, పాకడం అన్నవి దూరాన్ని బట్టి తగ్గేవి కావు. దూరం తగ్గేకొద్దీ వాటి వాటా పెరుగుతుంది.

గాలి ఎటు వీస్తే అటు

ఒకే మార్గంలో ఒకరోజు 40 నిమిషాలు, మరొకరోజు 52 నిమిషాలు గాలిలో ఉండటం చూసి ప్రయాణికులు ఆశ్చర్యపోతుంటారు. పైలట్‌ తీరికగా నడిపాడని అనుకునేవారూ ఉన్నారు. వాస్తవానికి ఇందుకు గాలి, రన్‌వే దిశ కారణాలు.

రన్‌వేకు రెండు చివరలా పెద్ద అంకెలు రాసి ఉంటాయి. గన్నవరంలో అవి 08, 26. విశాఖలో 10, 28. వీటి పక్కన సున్నా చేరిస్తే అయస్కాంత దిక్సూచిలో ఆ దిశ డిగ్రీల్లో వస్తుంది. 08 అంటే 80 డిగ్రీలు, దాదాపు తూర్పు. 26 అంటే 260 డిగ్రీలు, దాదాపు పడమర. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. ధాన్యం తూర్పారబట్టే రైతు గాలివాటం చూసుకున్నట్టే పైలట్‌ కూడా చూసుకుంటాడు. విశాఖ మనకు ఈశాన్యంగా, 63 డిగ్రీల దిశలో ఉంది. తూర్పు గాలి ఉన్నరోజు గన్నవరంలో 08 వైపు లేచిన విమానం కొద్దిగా ఎడమకు తిరిగితే చాలు, దారిలో పడుతుంది. పడమటి గాలి బలంగా వీచే వర్షాకాలంలో విజయవాడ వైపునకు లేచి, వెనక్కు తిరిగి రావాలి. విశాఖలో సైతం అంతే. పడమటి గాలి ఉన్నరోజు విమానం రన్‌వేను, నగరాన్ని దాటి సముద్రం వైపు వెళ్లి, చుట్టి వచ్చి, పడమటి ముఖంగా దిగుతుంది. కిటికీ పక్కన కూర్చున్నవారికి సముద్రం కనిపించే అదృష్టం ఆరోజే. అయితే ఐదారు నిమిషాలు అదనం.

దారిలో గాలి చూపే ప్రభావం వేరు. నైరుతి రుతుపవనాల రోజుల్లో ఏటీఆర్‌ విమానాలు ఎగిరే ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పునకు వీస్తుంది. గంటకు 40 కి.మీ. వేగమున్న గాలి వెనుక నుంచి తోస్తే విశాఖ వెళ్లే విమానం 540 కి.మీ. వేగంతో వెళ్లినట్టవుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై 460కి దిగుతుంది. 290 కి.మీ. దూరంలో ఈ తేడా ఐదున్నర నిమిషాలు. భూమి తిరుగుతోంది కనుక పడమరకు వెళ్లే విమానం త్వరగా చేరుతుందని కొందరు చెప్పుకొంటారు. భూమితోపాటు గాలి, ఆ గాలిలోని విమానం కూడా తిరుగుతున్నందున అందులో వాస్తవం లేదు.

విశాఖకు మాత్రమే ఉన్న మరో ప్రత్యేకత నౌకాదళం. అక్కడి రన్‌వే నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్‌ డేగా స్థావరంలోనిది. గగనతల నియంత్రణ వారి చేతిలోనే ఉంటుంది. నౌకాదళ విమానాలకు, హెలికాప్టర్లకు పని పడినప్పుడు పౌర విమానాలు గాలిలో కొద్దిసేపు వేచి ఉండక తప్పదు. 2007లో పది వేల అడుగుల కొత్త రన్‌వే అందుబాటులోకి వచ్చాక పెద్ద విమానాలు దిగగలుగుతున్నా, రన్‌వే యజమాని మాత్రం మారలేదు. షెడ్యూలులో గంటా పది నిమిషాలని రాసుకోవడంలో ఇలాంటి జాప్యాలకు వదిలిన వెసులుబాటు కూడా ఉంది. అందుకే కొన్నిసార్లు విమానం పది నిమిషాలు ముందే చేరిందని ప్రకటిస్తుంటారు. నిజానికి అది ముందు చేరడం కాదు, వదిలిన వెసులుబాటు ఖర్చు కాకపోవడం.

పొగమంచు ముందు ఏ లెక్కా నిలవదు

డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరం పరిసరాలను తెల్లవారుజామున పొగమంచు కమ్మేయడం ఏటా చూస్తున్నదే. చుట్టూ చెరువులు, కాలువలు, వరి మాగాణులు. నేలలో తేమ ఎక్కువ. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభిస్తే తెల్లవారేసరికి పది అడుగుల దూరంలో మనిషి కనిపించడు. రన్‌వే నిర్ణీత దూరం వరకు కనిపించనిదే విమానం దిగరాదు. పైనుంచి వచ్చిన విమానాలు చక్కర్లు కొట్టి, ఇంధనం తగ్గితే హైదరాబాద్‌కు మళ్లిన సందర్భాలు అనేకం. ఇక్కడి నుంచి విశాఖ వెళ్లవలసింది ఆ వచ్చే విమానమే కనుక, ప్రయాణికులు ఎండ రావడం కోసం ఎదురుచూడటం మినహా చేయగలిగింది లేదు.

ఈ విలేకరికి అది అనుభవమే. కొన్నేళ్ల కిందట జనవరిలో విశాఖలో ఉంటున్న మా పెద్దక్కయ్యకు ఉదయం తొమ్మిదిన్నరకు ఆపరేషన్‌ అని ముందురోజు సాయంత్రం కబురొచ్చింది. లోపలికి తీసుకెళ్లేలోగా తమ్ముణ్ని ఒకసారి చూడాలందని బావగారు ఫోన్‌లో చెప్పారు. రాత్రి పదకొండు దాటాక విజయవాడలో రైలు ఎక్కితే తెల్లవారి ఏడు లోపే విశాఖలో ఉండవచ్చు. అయినా 'విమానం నలభై నిమిషాలే కదా, పొద్దున్నే వెళ్లొచ్చు' అన్న ధీమాతో ఇంట్లో పడుకున్నాను. జీవితంలో అది మొదటి విమాన ప్రయాణం కావడం కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి. తెల్లవారుజామున గన్నవరం చేరితే టెర్మినల్‌ అద్దాల అవతల తెల్లటి దుప్పటి తప్ప మరేమీ లేదు. విమానం రెండున్నర గంటలు ఆలస్యమైంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. గాలిలోకి లేచాక నిజంగానే 41 నిమిషాల్లో విశాఖలో దిగాం. గడియారం చూసుకుని మరీ లెక్కపెట్టాను. ఆస్పత్రికి వెళ్లేసరికి అక్కను లోపలికి తీసుకెళ్లి గంటన్నర అయింది. సాయంత్రం మత్తు వదిలాక ఆమె అడిగిన మొదటి మాట, 'విమానమెక్కి కూడా ఇంతసేపా తమ్ముడూ?'

గడప నుంచి గడపకు

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో ఉండే ప్రయాణికుణ్ని తీసుకుందాం. గన్నవరం చేరడానికి ముప్పావు గంట. సంస్థను బట్టి బయలుదేరడానికి 45 నిమిషాల నుంచి గంట ముందే లగేజీ కౌంటర్‌ మూసేస్తారు. విమానంలోకి వెళ్లే ద్వారం కూడా ఇరవై, పాతిక నిమిషాల ముందే మూతపడుతుంది. బస్సును చెయ్యెత్తి ఆపినట్టు విమానాన్ని ఆపలేం. అందువల్ల గంటన్నర ముందు చేరడం క్షేమం. విమానం గంటా ఐదు నిమిషాలు. దిగి సామాను తీసుకుని బయటపడటానికి పాతిక నిమిషాలు. అక్కడి నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌ ప్రాంతానికి అరగంట నుంచి నలభై నిమిషాలు. మొత్తం దాదాపు నాలుగున్నర గంటలు.

అదే ప్రయాణికుడు వందేభారత్‌ ఎక్కితే? 2023 జనవరి 15న ప్రారంభమైన సికింద్రాబాద్‌ - విశాఖపట్నం వందేభారత్‌ రైలు విజయవాడ, విశాఖల మధ్య 350 కి.మీ. దూరాన్ని సుమారు నాలుగు గంటల్లో చేరుస్తోంది. స్టేషన్‌కు పావుగంట ముందు వెళితే చాలు. రెండు స్టేషన్లూ నగరాల మధ్యనే ఉన్నాయి. లెక్క వేస్తే విమానానికీ దీనికీ పెద్ద తేడా లేదు. రత్నాచల్‌ వంటి పాత రైలుకు ఆరు గంటల వరకు పడుతుంది. దానితో పోలిస్తే విమానం మిగిల్చేది రెండు గంటలు. ఛార్జీల విషయానికి వస్తే రైలు టిక్కెట్టు ధర ముందే తెలుస్తుంది. విమానం టిక్కెట్టు ధర యార్డులో మిర్చి ధర వంటిది. ఉదయం ఉన్నది మధ్యాహ్నానికి ఉండదు. పైగా ఏడు కిలోల చేతిసంచి, 15 కిలోల లగేజీ దాటితే అదనపు రుసుం తప్పదు. ఊరి నుంచి ఆవకాయ జాడీ, బియ్యం మూట తీసుకెళ్లే మన అలవాటుకు రైలే సర్దుకుపోతుంది.

హనుమాన్‌ జంక్షన్‌, గన్నవరం, ఉంగుటూరు మండలాల వారికి మాత్రం విమానం కొంత మేలు. విమానాశ్రయం అరగంట దూరంలోపే ఉండగా, విజయవాడ స్టేషన్‌ చేరడానికి గంటకు పైగా పడుతుంది. వీరికి విమానంపై నాలుగు గంటల్లో పని పూర్తవుతుంది. ఏలూరు దాటినవారికి ఈ లెక్క తలకిందులవుతుంది. తాడేపల్లిగూడెం నుంచి విశాఖకు రైలు మార్గం 243 కి.మీ. విమానం కోసం ముందు వెనక్కు, గన్నవరం వరకు, 80 కి.మీ.కు పైగా రావాలి. అటు వెళ్లవలసినవారు ఇటు రావడంలోనే రెండు గంటలు పోతాయి. ఆ సమయానికి రైలు రాజమహేంద్రవరం దాటి సామర్లకోట సమీపిస్తుంటుంది. తుని, అన్నవరం వాసులైతే తలపై నుంచి వెళ్లే విమానాన్ని చూడటమే తప్ప దానితో వారికి పని లేదు.

మరి ఈ విమానం ఎవరికి? ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రావలసిన వారికి. అమరావతిలో సచివాలయం, 2019 జనవరి 1 నుంచి హైకోర్టు పనిచేయడం మొదలయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు రావలసిన అధికారులు, న్యాయవాదులు, కక్షిదారుల సంఖ్య పెరిగింది. విశాఖలో ఉదయం విమానమెక్కితే పదిన్నరకు కోర్టు మొదలయ్యే వేళకు కాస్త అటూ ఇటూగా చేరవచ్చు. గన్నవరం నుంచి అమరావతికి మరో 40 కి.మీ. ఉందన్నది మరవరాదు. రాత్రి రైలులో నిద్ర లేకుండా వచ్చి, వాయిదా పడిందని తెలుసుకుని, మళ్లీ రాత్రి రైలులోనే తిరిగివెళ్లే వృద్ధ కక్షిదారులను విజయవాడ స్టేషన్‌లో చూసినవారికి ఒక్కరోజులో పని ముగించుకుని వెళ్లడం విలువ తెలుస్తుంది. అయితే సర్వీసు ఉదయం, సాయంత్రం రెండు వేళలా ఉంటేనే ఈ ప్రయోజనం. ఒక పూట విమానం మాత్రమే ఉన్నప్పుడు వెళ్లినవారు తిరుగు ప్రయాణానికి రైలునే ఆశ్రయిస్తున్నారు.

భోగాపురం మారితే

విజయనగరం జిల్లా భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరుతో నిర్మించిన కొత్త విమానాశ్రయంలో 2026 జనవరిలో ప్రయోగాత్మకంగా విమానం దిగింది. పౌర సర్వీసులన్నీ అక్కడికి మారాక ఈ మార్గం లెక్కలు మరోమారు వేసుకోవాలి. గన్నవరం నుంచి భోగాపురానికి తిన్నగా సుమారు 330 కి.మీ. ఇప్పుడున్న దూరం కంటే 40 కి.మీ. ఎక్కువ. గాలిలో ఇది ఐదు నిమిషాల మాట. రన్‌వే కోసం నౌకాదళంతో సర్దుకోవలసిన అవసరం ఉండదు కనుక ఆ ఐదు నిమిషాలూ అక్కడే తిరిగి రావచ్చు.

నేల మీద మాత్రం అలా కాదు. విశాఖ రైల్వేస్టేషన్‌ నుంచి భోగాపురం దాదాపు 50 కి.మీ. ఇప్పుడు అరగంటలో ముగిసే దారికి గంటన్నర వరకు పట్టవచ్చు. అలా అయితే విజయవాడ వన్‌టౌన్‌ నుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌కు విమానం మీద ఐదున్నర గంటలు అవుతుంది. వందేభారత్‌ ముందే చేరుతుంది. గాజువాక, అనకాపల్లి వెళ్లవలసినవారు నగరమంతా దాటి వెనక్కు రావాలి. అనకాపల్లిలో ఆగే రైలు ఎక్కినవారు అప్పటికి ఇంట్లో భోజనం ముగించి ఉంటారు. అదే విజయనగరం, శ్రీకాకుళం వెళ్లవలసిన వారికి భోగాపురం వరమే. ఇప్పుడు విశాఖలో దిగి, నగర రద్దీని దాటుకుని వెళ్లే గంటన్నర ప్రయాణం వారికి తప్పుతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి అమరావతి కోర్టుకు వచ్చే కక్షిదారు రాత్రి రైలును వదులుకునే అవకాశం అప్పుడే వస్తుంది. అందుకు అక్కడి నుంచి గన్నవరానికి ఉదయం విమానం ఒకటి, సాయంత్రం తిరుగు విమానం ఒకటి ఉండాలి.